నల్లా జుమ్మనడం మానిన ఇల్లు

ఆకుపచ్చ తీగ కొసను రెండు మడతలు వేసి, దాని మీద నల్ల టేపును పొర మీద పొరగా, ఒక్క ముడతైనా పడకుండా చుట్టి, స్విచ్చుబోర్డు పెట్టె మూలకు ఒద్దికగా తోసి, పైన మూత బిగించమని చెప్పిన మనిషి ఎవరు? ఏడాది గడిచినా ఈ ఇంట్లో దీనికి జవాబు లేదు. చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. ఒకడు ముందరి అర్రలో ముఖం మీద తడి తువాలు కప్పుకొని కునుకు తీస్తున్నాడు, ఇంకొకడు బజారులో తమ స్టీలు సామాన్ల దుకాణంలో చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. మొదటివాడు జ్ఞానేశ్వరి భర్త హరికిషన్, రెండోవాడు ఆమె మరిది దత్తాత్రి. మధ్యాహ్నపు కరెంటు కోత నడుస్తోంది, సిద్దిపేట మొత్తం మీద ఒక్క పంకా తిరగడం లేదు. నడవలో మెయిన్ స్విచ్చు కింద, ముక్కాలి పీట మీద, జ్ఞానేశ్వరి వెన్ను వంచకుండా కూర్చొని ఉంది. ఇంటిలోకి కరెంటు దాటి రావలసిన రెండు పింగాణీ ఫ్యూజులూ ఆమె ఒడిలో, కొంగు కింద, చల్లగా, బరువుగా ఉన్నాయి. ఎదురుగా నడిమి అర్ర కిటికీలో ఒక కూలరు ఉంది. దాని పక్కన నిండా నీళ్లు పట్టి పెట్టిన బకెట్టు ఉంది. ఆ నీళ్లు పట్టింది మొన్ననే ఈ ఇంటికి కోడలుగా వచ్చిన రాధాబాయి, దత్తాత్రి రెండో భార్య. మొదటి భార్య సుశీల ఆ కూలరును ముట్టుకొనే చనిపోయింది. కరెంటు ఏ క్షణంలోనైనా రావచ్చు. అది వచ్చేలోగా జ్ఞానేశ్వరి తేల్చుకోవలసిన సంగతి ఒకటే: ఒడిలోని ఫ్యూజులను తిరిగి వాటి గూట్లో పెట్టడమా, పెట్టకపోవడమా.

కరెంటు పోయినంత మాత్రాన తీగ చచ్చిపోయిందని నమ్మడం ఈ ఊరి మూఢనమ్మకాల్లో అన్నిటికన్నా ప్రాణాంతకమైనది. బాలికల ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లల ముందు నిలబడి ఆమె దాన్ని ఏళ్ల తరబడి ఖండించింది. కోత సమయంలో తీగ నిద్రపోతున్న పాము, ఎప్పుడు లేస్తుందో దానికే తెలుసు, కోతలో టెస్టరు కూడా సాక్ష్యం చెప్పలేదు, కాబట్టి ముందు మెయిన్ దించు, తరువాత ఫ్యూజులు లాగు, లాగినవి నీ దగ్గరే ఉంచుకో, ఎవరో వచ్చి తెలియక పెట్టేస్తారు, అప్పుడు మాత్రమే బోర్డు మూత మీద చేయి వేయి. ఈ రోజు ఆమె తాను చెప్పిన పాఠాన్ని తానే అక్షరం తప్పకుండా పాటించింది. కుట్టుమిషను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి, కూలరు బోర్డు మూత విప్పింది. లోపల ఎర్ర తీగ తన చోట ఉంది, నల్ల తీగ తన చోట ఉంది, మూడు రంధ్రాల ప్లగ్గులో పైనున్న పెద్ద రంధ్రం వెనక మాత్రం ఇత్తడి మర ఖాళీగా, నోరు తెరుచుకొని ఉంది. ఎర్ర తీగ తెస్తుంది, నల్ల తీగ తీసుకుపోతుంది, పచ్చ తీగ ఊరకనే కాచుకొని ఉంటుంది అని పిల్లలు గొంతెత్తి వల్లించేవారు. ఏ పనీ లేనట్టు కనిపించే తీగ అది, జీవితమంతా ఒక్కసారి కూడా పని పడకపోవచ్చు, తెచ్చే తీగ ఎప్పుడైనా దారి తప్పి ఇనుప రేకును తాకితే ఆ తప్పునంతా తన మీద వేసుకొని భూమిలోకి దింపడమే దాని ఉద్యోగం. ఊరకనే కాచుకొని ఉన్నదాన్ని దండుగ అనుకునే ఇళ్లలో ముందు తెగేది అదే.

వంటింటి వెనక వసారాలో రాధాబాయి గాజుల చప్పుడు వినిపిస్తోంది, చాటలో బియ్యం చెరుగుతున్నట్టుంది, ఆ చప్పుడు ఆగినప్పుడల్లా జ్ఞానేశ్వరి చెవులు నడిమి అర్ర వైపు తిరుగుతున్నాయి. కరెంటు లేకుండా కూలరు మోగదని ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు, అయినా మోగుతున్నట్టే ఉంది, వట్టివేళ్ల తడకల మీద నీరు జారుతున్న చప్పుడు, ఆ తడి గడ్డి వాసన, షాబాదు బండల మీద నడిమి అర్ర నుంచి నీళ్ల నల్లా దాకా, నల్లా నుంచి నడిమి అర్ర దాకా తడి పాదాల గుర్తులు. సుశీలకు పాదం మధ్యలో గుంట ఎక్కువ, మడమ ఒకటి, వేళ్లు ఐదు, నడుమ ఏమీ ఉండదు, బండ మీద ఆమె నడిచిన చోట ముక్కలు ముక్కలుగా కనిపించేది, నువ్వు నడుస్తవా గెంతుతవా అని తాను అడిగేది, అక్కా నేను భూమిని సగమే ముట్టుకుంట, కిరాయి సగమే కడ్త అనేది. సగం ముట్టుకున్నా చాలునని భూమి ఊరుకుంటుందా, తడి పాదం సగం ఆనినా కరెంటుకు దారి దారే, రబ్బరు చెప్పులు ఉంటే బతికేదేమో, కానీ ఈ ఇంట్లో గడప లోపల చెప్పులు తొడగడం లేదు, అత్తగారి కాలం నుంచీ లేదు, లక్ష్మి నడిచే చోట తోలు, రబ్బరు ఏమిటని పెద్దామె అనేది, ఆమె పోయినా ఆ మాట గడప దగ్గరే కాపలా ఉంది. జ్ఞానేశ్వరి తన కాళ్ల వైపు చూసుకుంది. పీట కింద చాప, చాప మీద చెప్పులు తొడిగిన కాళ్లు. ఈ ఇంట్లో ఆమె చెప్పులు తొడగడం ఇదే మొదలు.

కూలరుకు ఆకాశం రంగు వేయించాడు దత్తాత్రి. ఏడాది పాటు మేడ మీద రేకుల కింద ఎండకు ఎండి, వానకు తడిసి, పావురాల రెట్టలు మోసిన దాన్ని మొన్న ఇద్దరు మనుషులతో దింపించి, కడిగించి, రంగు వేయించి, కొత్త తడకలు కట్టించి, కొత్త పంపు పెట్టించి, పాత కిటికీలోనే నిలబెట్టాడు. కొత్త పెళ్లికూతురు బెజ్జంకి పక్క నుంచి వచ్చింది, అక్కడ ఇంటి చుట్టూ చెట్లున్నాయట, ఇక్కడి ఎండ ఆమెకు తట్టదట. స్నానం చేయించి, కొత్త బట్ట కప్పి, వాకిట్లో పడుకోబెట్టిన మనిషిలా ఉంది ఆ కూలరు. ఆ పోలిక ఆమె తెచ్చుకోలేదు, అదే వచ్చింది, వచ్చినదాన్ని వెళ్లగొట్టడం ఆమెకు చేతకాలేదు. మరిది దుర్మార్గుడు కాడు. సుశీల పోయాక దుకాణంలో గిన్నె కింద పడ్డ చప్పుడుకే ఉలిక్కిపడేవాడు, అన్నం ముందు కూర్చొని చేయి కడుక్కొని లేచేవాడు, మళ్లీ పెళ్లికి ఒప్పుకోవడానికి చుట్టాలంతా కలిసి అతన్ని వంచవలసి వచ్చింది. ఏడ్చినవాడు నిజం చెప్పి తీరుతాడని ఏమీ లేదు, ఏడుపు వేరు, జవాబు వేరు, ఈ దేశంలో మగవాళ్లకు మొదటిది చేతనైతే రెండోది మాఫీ అయిపోతుంది.

అంతా నల్లాతోనే మొదలైంది. ఇల్లు కట్టినప్పుడు పచ్చ తీగను భూమిలో కలిపే ఎర్తు కోసం పెరట్లో గుంత తీసి, ఇనుప గొట్టం దింపి, బొగ్గు, ఉప్పు పోసి, అందులో నీళ్లు పోస్తూ ఉండమని చెప్పిపోయారు. నీళ్ల కరువు వచ్చింది. మంచినీళ్ల ట్యాంకరు వెనక బిందెలతో పరుగెత్తే ఊరిలో మట్టికి నీళ్లు పోసేవాడిని పిచ్చివాడంటారు. గుంత ఎండింది, పైన స్నానాల గది లేచింది. అప్పుడు ఎర్తు తీగను నల్లా గొట్టానికి చుట్టారు. అదీ కొన్నాళ్లు పని చేసింది, ఎందుకంటే గొట్టం ఇనుముది, గల్లీ కింద బారెడు బారెడు భూమిలో ఉండేది, దొంగతనంగా కారిన కరెంటునంతా మోసి మట్టిలో కలిపేది, ఎవరికీ తెలియకుండానే అందరినీ కాచింది. తుప్పు పట్టిందని గల్లీవాళ్లే కలిసి ఆ గొట్టాన్ని తవ్వి తీసి ప్లాస్టిక్ గొట్టం వేయించుకున్నారు. ప్లాస్టిక్ నీళ్లను మోస్తుంది, కరెంటును మోయదు. ఆ ఎండాకాలం కూలరు పంపు లోపల తీగ తడిసి, కరెంటు రేకులోకి కారడం మొదలైంది, రేకు నుంచి పచ్చ తీగలోకి, పచ్చ తీగ నుంచి నల్లాలోకి వచ్చి, ముందుకు దారి లేక అక్కడే నిలబడింది. నల్లా జుమ్మనసాగింది.

దాన్ని మొదట చెప్పింది సుశీలే. అక్కా, నల్లా కరుస్తుంది అంది, నవ్వుతూనే అంది, వేళ్లు విదిలించుకుంటూ. పనిచేసే బుచ్చవ్వ అవునమ్మా అవునని సాక్ష్యం పలికింది, తనకైతే మోచేతి దాకా చీమలు పాకినట్టయిందని చెప్పింది. దత్తాత్రి వచ్చి ముట్టుకున్నాడు, కాళ్లకు దుకాణం చెప్పులున్నాయి, మగవాళ్లు గడప బయటి నుంచే చేయి చాపితే నల్లా అందుతుంది, అతనికి ఏమీ తెలియలేదు. నీకు షాకు కొడ్తలేదే, నిన్ను ముట్టుకుంటే నల్లాకే కొడ్తుంది అని పెళ్లాన్ని ఎగతాళి చేశాడు. ఇల్లంతా నవ్వింది, సుశీల అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఆ తరువాత బుచ్చవ్వ ఒక ఉపాయం చేసింది, పాత సైకిలు ట్యూబు ముక్క కోసి నల్లా పిడికి చుట్టింది, అప్పటి నుంచి రబ్బరు పట్టుకొని తిప్పడం, రబ్బరు పట్టుకొని కట్టడం. ఇల్లు కరుస్తూ ఉంటే కుక్కకు చిక్కం కట్టినట్టు నల్లాకు ట్యూబు కట్టి బతకడం నేర్చుకున్నారు. జ్ఞానేశ్వరి నేర్చుకోలేదు. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి సంగారెడ్డి పోవలసిన ముందురోజు భర్తనూ మరిదినీ కూర్చోబెట్టి, తప్పు నల్లాది కాదు, నల్లా చాడీ చెబుతోంది అంతే, దొంగ కూలరులో ఉన్నాడు, ఎర్తు గుంత కొత్తది తవ్వించి తీగ దింపేదాకా కూలరు స్విచ్చు వేయొద్దు అని మాట మాటా విడదీసి చెప్పింది. హరికిషన్ విన్నాడు, విని, ఇల్లును బడి చేస్తివి గదనే అన్నాడు. సరే నువ్వు వచ్చేటాల్లకు నల్లా సంగతి చూస్తం అన్నాడు.

చూశారు. అన్న మాట ప్రకారం నల్లా సంగతే చూశారు.

కబురు అంది ఆమె ఎక్కిన బస్సు, కిటికీ పక్క ఎండ, కుకునూరుపల్లి దగ్గర ఎక్కి మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ముసలామె, ఆ మేకపిల్ల గుండె చప్పుడు బెంచీ చెక్కలోంచి తన మోకాలికి తగలడం, ఇవన్నీ ఇప్పుడు నడవలో కూర్చున్నా వరసగా వస్తాయి, వాకిట్లోకి అడుగు పెట్టిన క్షణం మాత్రం రాదు. అక్కడ ఒక ఖాళీ ఉంది, సుశీల పాదంలో ఉన్నట్టు. ఆ తరువాత మళ్లీ మొదలయ్యేది నల్లా దగ్గరే. వల్లకాటి నుంచి మగవాళ్లు తిరిగి వచ్చారు, ఒకరి తరువాత ఒకరు నల్లా కింద చేతులు, కాళ్లు కడుక్కున్నారు, ఆడవాళ్లు తలమీద నీళ్లు పోసుకున్నారు, తడి బట్టలతో, ఉత్త కాళ్లతో, ఉత్త చేతులతో. సైకిలు ట్యూబు ఎప్పుడో ఊడి మురుగు మోరీలో పడి ఉంది. ఒక్కరు కూడా వేళ్లు విదిలించలేదు. జ్ఞానేశ్వరి వంతు వచ్చింది, ఆమె అరచేతిని నల్లా ఇనుము మీద ఆనించి ఉంచింది, జుమ్మంటుందని కాచుకుంది, చేయి కాచుకుంది, మోచేయి కాచుకుంది, ఏమీ రాలేదు. నల్లా చల్లగా, మర్యాదగా ఉంది. ఎట్ల బాగయిందని అడిగితే, సిద్ధయ్య చేసిపోయిండు అన్నారు. సిద్ధయ్య గల్లీ చివర మోటారు వైండింగు చేసే మనిషి, పిలిస్తే వస్తాడు, చెప్పింది చేస్తాడు, చెప్పనిది చేయడు. అతన్ని ఏం చేయమని చెప్పారన్నది ఎవరూ చెప్పలేదు.

అరకొరగానైనా తడి గోడల గుండా కొంత కరెంటును దించుతూ వచ్చిన నల్లా కూడా, పచ్చ తీగ కోసేయడంతో, తెగిపోయాక, ఆ మొత్తం ఇనుప రేకు మీదే కూర్చుంది. అరవకుండా, జుమ్మనకుండా కూర్చుంది. నల్లా ఇక కరవదు, ఇల్లంతా నెమ్మదిగా ఉంది, భయం తీరింది, ఉక్కపోస్తోంది, స్విచ్చు వేశారు. సుశీల బకెట్టెత్తి కూలరులో నీళ్లు పోసింది.

తడి చేతులతో ముట్టుకుంది. ఆ వాక్యాన్ని మొదట ఎవరు పలికారో తెలియదు, దినాలు పూర్తయ్యేలోగా అది పట్నమంతటిదీ అయింది, పరామర్శకు వచ్చినవాళ్లు గడప దగ్గరే దాన్ని చెప్పులతో పాటు విప్పిపెట్టి లోపలికి వచ్చేవారు. తడి చేతులతో ముట్టుకుందట పాపం, తొందర మనిషి గద. జ్ఞానేశ్వరి ఏడాదిగా ఈ వాక్యాన్ని నమిలింది, మింగలేదు. చేత్తో నీళ్లు పోస్తే తప్ప నడవని యంత్రాన్ని కొని ఇంట్లో పెట్టి, నీళ్లు పోసే చేయి పొడిగా ఉండాలనడం ఏ శాస్త్రం? ఈ ఇళ్లలో ఆడదాని చేయి పొడిగా ఉండేది ఎప్పుడు? బియ్యం కడిగే చేయి, గిన్నెలు తోమే చేయి, బట్టలు పిండే చేయి, పిల్లల ముడ్డి కడిగే చేయి, మగవాడి కాళ్లకు నీళ్లిచ్చే చేయి, నిద్ర పట్టాక గానీ ఆరని చేయి. తడి చేయి నేరమైతే ఈ పట్నంలో ప్రతి ఇల్లూ ఒక నేరస్థురాలిని మూడు పూటలా పనిలో పెట్టుకుంది. ఇంకా ఒక మాట అన్నారు, ఫ్యూజు ఎగరలేదు కాబట్టి కూలరులో లోపం లేదని. ఎంత చదువుకున్నవాళ్లు అన్నారు ఆ మాట. ఫ్యూజు తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. ఇల్లు తగలబడకుండా చూడడం దాని పని. గుండె ఆగిపోవడానికి కావలసిన కరెంటు ఒక చిన్న దీపానికి కూడా చాలదు, అంత చిన్న దొంగతనాన్ని ఫ్యూజు గమనించదు. పైగా ఈ ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మందపాటి రాగి తీగ చుట్టి పెట్టారు. అది ఇప్పుడు ఆమె ఒడిలోనే ఉంది, బొటనవేలితో తడిమి చూసింది, ఫ్యూజు కాదది, ఫ్యూజు వేషం వేసుకున్న మేకు.

బుచ్చవ్వ చెప్పింది మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. పని మానేసి పోయే ముందు, పెరట్లో, గొంతు దించి చెప్పింది. సిద్ధయ్యను మళ్లా పిలిచిన్రు టీచరమ్మా, చిన్నమ్మ ఇంక బండల మీదనే ఉన్నది. ఆయన కూలరుకు టెస్టరు పెట్టిండు. దాంట్ల ఎర్రగ వెలిగింది. సార్లు ఇద్దరు చూసిన్రు. ఎవ్వలు మాట్లాడలే. ఆయన టెస్టరు జేబుల పెట్టుకొని పోయిండు. ఆ వెలుగు ఎంత ఉంటుంది, గురివింద గింజంత, పగటి పూట అరచేయి అడ్డం పెడితే గానీ కనిపించదు. అంటే ఎవరో అరచేయి అడ్డం పెట్టి ఉండాలి. ఆ చేయి ఎవరిదో కూడా ఆమె ఇంతవరకు అడగలేదు, ఎందుకంటే అప్పటికి కూలరు మేడ మీదికి పోయింది, నడిమి అర్రకు తాళం పడింది, కోపానికి కూడా ఒక వస్తువు కావాలి, అది కళ్ల ముందు లేదు. ఈ రోజు ఉంది. రంగు వేసుకొని, పక్కన నీళ్లు పెట్టుకొని ఉంది.

గల్లీ మలుపులో పిండి గిర్ని రాళ్లు కదిలాయి. మొదట ఒక మూలుగు, తరువాత గరగర, తరువాత ఊపిరి పట్టిన హోరు, ఆ వెంటనే పక్కింటి రేడియో, ఎదురింటి మోటారు, ఎవరో పంకా కింద కూర్చుంటూ హమ్మయ్య అనడం. పట్నమంతా ఒకేసారి గాలి పీల్చుకుంది. ఈ ఒక్క ఇల్లు తప్ప. గాజుల చప్పుడు ఆగింది, ఉత్త పాదాలు బండల మీద పరుగున వచ్చాయి. రాధాబాయి. అరచేతుల్లో పెళ్లి నాటి గోరింట ఇంకా ఎర్రగా, దాని మీద నీటి బొట్లు. అక్కా కరెంటొచ్చినట్టున్నది, మనకే రాలేదా అంటూ నడిమి అర్ర వైపు తిరిగి, జ్ఞానేశ్వరిని చూసి, ఆమె కాళ్లకు చెప్పులు చూసి, ఆగిపోయింది. తువాలు భుజాన వేసుకొని హరికిషన్ వచ్చాడు. వచ్చేసరికి వాకిట్లో స్కూటరు చప్పుడు, దత్తాత్రి కూడా వచ్చాడు, సంచిలో గడ్డకట్టిన మంచు, అది సంచి కొస నుంచి కారుతోంది.

"ఫ్యూజు పోయిందా?" అన్నాడు హరికిషన్.

"పోలే. నేనే తీసిన."

ఎందుకు తీశావని అతను అడగలేదు. తెరిచి ఉన్న బోర్డు వైపు చూశాడు, చూసి చూపు తిప్పుకున్నాడు, ఆ తిప్పుకోవడంలో ఆమెకు సగం జవాబు దొరికింది. సగం జవాబులతో ఆమె ఏడాది బతికింది, ఇక చాలు. మరిదిని పిలిచింది. చిన్నప్పుడు లెక్కలు చెప్పిన గొంతుతోనే పిలిచింది, అతను పదో తరగతి తప్పి వదిన దగ్గర కూర్చొని చదువుకున్న కాలపు గొంతుతో.

"దత్తూ, గీ పచ్చ తీగ ఎవరు కోయించిన్రు?"

గిర్ని హోరు నడవ నిండా నిండింది. దత్తాత్రి సంచి కింద పెట్టాడు. కొత్త పంపు వేయించానని, పాతది పారేశానని, ఇంక భయం లేదని, అన్నీ ఒకదాని మీద ఒకటి చెప్పాడు. కొత్త పంపు ఇయ్యాల కొత్తది, వచ్చే ఎండాకాలానికి పాతదైతది, అప్పుడు ఎవరి చేతులు తడిగ ఉన్నయని చెప్తవు అని ఆమె అడిగింది. గొంతు పెంచలేదు. అతను నేల వైపు చూస్తూ అన్నాడు.

"నల్లా కరుస్తుందని లొల్లి పెట్టింది సుశీలనే గద వదినె."

చచ్చినదాని చేతులు తడి, చచ్చినదాని నోరు లొల్లి. కోసిన చేయి ఎవరిదో చెప్పమంటే, కోయమని అడిగిందని ఆమె పేరే చెప్పాడు, ఆమె కోసమే చేశామన్నట్టు. జ్ఞానేశ్వరికి ఒక్కసారిగా చలి వేసింది, ఆ ఎండలో, ఆ ఉక్కలో, వెన్ను మీద చలి. నడిమి అర్ర గడప దగ్గర ఎవరో తడి పాదంతో నిలబడి, భూమిని సగమే ముట్టుకొని, నవ్వకుండా వింటున్నట్టు అనిపించింది. అయిందేదో అయింది, ఇంట్ల కొత్త కోడలున్నది, ఇప్పుడు ఇయన్ని ఎందుకు, ఫ్యూజులియ్యి అని హరికిషన్ చేయి చాపాడు. ఆ చేతిని ఆమె చూసింది, ముప్పై ఏళ్లుగా తాను అన్నం వడ్డించిన చేయి, పొడిగా ఉంది. ఇవ్వను అంది. పెరట్లో గుంత తవ్వాలె, గొట్టం దించాలె, బొగ్గు, ఉప్పు పోయాలె, ఎర్తు తీగ దాంట్లకు పోవాలె, అండ్ల దినాం నీళ్లు పడాలె, అప్పటిదాంక ఈ ఇంట్ల దీపం వెలగది అంది. తాగతందుకు నీళ్లు లేవు, మట్టికి పోస్తరా, పదిమంది నవ్వుతరు అన్నాడు హరికిషన్. నవ్వనియ్యి, నవ్వేటోళ్లే నిరుడు ఏడిసిన్రు గద అంది.

రాధాబాయి ఇంతవరకు గోడకు ఆనుకొని ఉంది. ఇద్దరు మగవాళ్లనూ చూసింది, ఎవరూ ఆమెను చూడలేదు. సుశీల ఎలా చనిపోయిందని పెళ్లిచూపుల నాడు అడిగితే ఏం చెప్పారో ఆమె ముఖంలోనే కనిపించింది, ఆ చెప్పిన మాట ఆమె ముఖం మీది నుంచి మెల్లగా రాలిపోవడం కూడా కనిపించింది. బోర్డు దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని, వంగి, లోపలికి చూసింది.

"అక్కా, గా పచ్చది ఏడికి పోవాలె?"

"భూమిలకు."

"మరి పోతలేదా?"

"పోతలేదు."

పిల్ల తిన్నగా లేచి, నడిమి అర్రలోకి పోయి, కూలరును ముట్టుకోకుండా, కొంగు కూడా తగలకుండా, పక్కకు జరిగి, తాను నింపిన బకెట్టును ఎత్తింది. భర్త ముందు నుంచి, బావ ముందు నుంచి దాన్ని మోసుకొని పెరటి గడప దాకా పోయి, అక్కడ నిలబడి, వెనక్కి తిరగకుండానే అంది.

"గుంత తవ్వితే దినాం ఒక బిందె నేను పోస్త. నా తాగే నీళ్లల్లకెల్లి పోస్త. ఎవ్వలడ్డమొస్తరో రమ్మనున్రి."

దత్తాత్రి మంచు సంచి కింద బండ తడిసి, ఆ తడి అతని ఉత్త పాదాల దాకా పాకింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. హరికిషన్ చాపిన చేతిని వెనక్కి తీసుకొని తువాలు కొసను పట్టుకున్నాడు. పెరట్లో గడ్డపార ఎక్కడుందని అడిగే గొంతు రాధాబాయిదే, ఇంట్లో అందరికీ వినబడింది. జ్ఞానేశ్వరి ఫ్యూజులను కొంగున ముడి వేసుకొని లేచింది.

చదువుతున్న మీరు తలపంకించి పుస్తకం మూసేయకండి. మీకు తెలిసిన ఇళ్లలో ఇలా పోయినవాళ్లు ఉన్నారు. ఆ ఇళ్లలో కూడా ఎవరో ఒకరు తడి చేతులని చెప్పారు, మీరు చెప్పులు విప్పి లోపలికి పోయి, అయ్యో అని, ఆ మాటను మోసుకొని బయటికి వచ్చారు. ఈసారి మోయకండి. పోయిన మనిషి తొందరపడిందని మీ ఎదుట ఎవరు అన్నా, ఆ ఇంటి ఎర్తు గుంత ఎక్కడుందో చూపించమనండి. తీసుకుపోయి చూపించేదాకా అక్కడ కూర్చోకండి. వాళ్లు ఇచ్చిన మంచినీళ్లు ముట్టకండి.